ఐదు స్టార్ల ఏసీ, పగటి నిద్ర

మా ఆయనది పగటి నిద్ర. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. సాయంత్రం ఆరింటికి బండి తీస్తే మర్నాడు పొద్దున ఏడింటికి ఇల్లు చేరతాడు. స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని ఎనిమిదింటికి పడుకుంటే నాలుగు దాకా లేవకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఆ ఎనిమిది గంటలూ మా ఇంట్లో కుక్కర్ కూత వెయ్యదు, మిక్సీ తిరగదు. బయటి గదిలో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టుకుంటాను. చేతి కుట్టు కాబట్టి చప్పుడుండదు. ఆ సమయంలో ఎవరైనా తలుపు కొట్టారంటే వాళ్ళకు మూడినట్టే. నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా గల్లీ అంతటికీ తెలుసు.

శంషాబాద్‌లో మాది కిరాయి ఇల్లు, మూడో అంతస్తు. మా నెత్తి మీద స్లాబు, స్లాబు మీద ఎండ. వేసవిలో పొద్దున పదకొండు దాటితే ఆ గదిలో మనిషి ఉండలేడు. కూలర్ పెడితే ఒళ్ళంతా జిగట. మా ఆయన తడి తువ్వాలు కప్పుకుని పడుకునేవాడు. అరగంటలో అది ఎండిపోయేది. నేను మళ్ళీ తడిపి కప్పేదాన్ని.

ఆ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున నవ్వుకుంటూ వచ్చాడు.

"ఇయ్యాల బండిల ఎక్కిన పెద్దమనిషి ఎనుక నుంచి నా భుజం తట్టిండు. నిద్రొస్తే జర పక్కకు పెట్టు బాబూ, నేనేమనుకోను అన్నడు."

వెనక సీట్లో ఉన్న మనిషి ముందుకు వంగి భుజం తట్టాడంటే బండి ఎటు పోతోందని తట్టినట్టు? ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ పూటే అన్నాను, ఏసీ కొందామని.

కొత్తది కొందామన్నాడు. కిస్తీల మీద ఇస్తున్నారట. నేను ఒప్పుకోలేదు. సర్వీసు రోడ్డు మీద ఒక హోటల్‌ను బాగుచేస్తూ పాత ఏసీలు అమ్మేస్తున్నారని తెలిసింది. క్యాబ్‌ల అడ్డా దగ్గర ఏసీలు బాగుచేసే మెకానిక్ ఒకటి తెచ్చి చూపించాడు. ముందువైపు చుక్కల స్టిక్కర్ ఉంది. అంచు చిరిగింది కానీ ఎర్ర స్టార్లు ఐదూ ఉన్నాయి. "ఐదు స్టార్లది అక్కా. కరెంటు తిననే తినదు," అన్నాడు. షోరూంలో కొత్తది, మూడు స్టార్లది, దీనికి రెండింతల ధర.

నా బుర్రలో ఉన్నది ఒకటే లెక్క. మంఖాల్‌లో ఉండే మా అమ్మ మెడలో బంగారు గొలుసుంది. దాని మీద ముద్ర కొన్ననాడు ఎంతో నేడూ అంతే. ఏసీ మీది స్టార్లు కూడా అలాగే అనుకున్నాను. ఒకసారి ఐదు వేశారంటే ఎప్పటికీ ఐదే.

"పాతది గద, కరెంటు ఎంత గుంజుతదో," అన్నాడు మా ఆయన.

"ఐదు స్టార్లయ్యా. నీకు తెలువదు, ఊకో," అన్నాను.

కరెంటు మాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. రేషన్ కార్డున్న ఇళ్ళకు నెలకు రెండు వందల యూనిట్లలోపు వాడితే సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటినా మొదటి యూనిట్ నుంచీ మొత్తం కట్టాలి. ఏసీ లేనప్పుడు మేము ఎన్నడూ సగం కూడా దాటలేదు. ఐదు స్టార్లు కదా, సగం మిగిలే ఉందని ధీమా.

మొదటి రోజు ఆయన ఎనిమిదింటికి పడుకుని నాలుగున్నరకు లేచాడు. లేచి, పొద్దుగూకిందా అని అడిగాడు. ఆ ముఖం చూసి నాకు కడుపు నిండింది. వారం రోజులు గల్లీలో కనపడ్డ ప్రతి ఆడదానికీ మా ఏసీ గురించి చెప్పాను.

వారం దాటాక కింద మెట్ల దగ్గరున్న మీటరు చూశాను. ఎనిమిది రోజులకే నూరు యూనిట్లు దాటింది.

రెండో అంతస్తులో ఒక టీచరమ్మ ఉంటుంది. గుంటూరు వైపు మనిషి. ఆమె అడిగిన చీరకు ఫాల్ కుట్టిచ్చే మిషతో పైకి పిలిచాను. ఆయన ఇంకా బండి మీదినుంచి రాలేదు. ఆమె కళ్ళజోడు సర్దుకుని స్టిక్కర్ దగ్గరకు వెళ్ళింది.

"ఇది ఏ సంవత్సరంలో వేసిన లేబులో చూశారా అండీ?"

"సంవత్సరం ఎందుకు టీచరమ్మా? స్టార్లు ఐదున్నయి గద."

"స్టార్ల కొలత మధ్య మధ్యలో గట్టిగా బిగిస్తుంటారండీ. అప్పట్లో ఐదు వచ్చిన మెషీను ఇప్పటి కొలతలో రెండుకి ఆనినా గొప్పే. ఇన్వర్టర్ రకం కూడా కాదు. తిరిగినంతసేపూ పూర్తి బలంతో తిరుగుతుంది. లేబుల్ మీద యూనిట్లు కూడా ఏడాదికి ఇన్ని గంటలని ఒక లెక్క పెట్టుకుని రాస్తారు. మీరేమో మిట్టమధ్యాహ్నం, స్లాబు కింద నడుపుతున్నారు."

పైన పటారం లోన లొటారం అంటే ఇదే. ఆమె దిగిపోగానే మెకానిక్‌కు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విని వాడు చల్లగా అన్నాడు, "నేను అబద్ధం చెప్పలే అక్కా. స్టార్లు ఐదున్నయా, లేవా?"

ఫోన్ పెట్టేశాను.

ఆ నెల బిల్లు ఆయన నిద్రలో ఉండగా వచ్చింది. రీడింగ్ తీసే మనిషి కాగితం చించి నా చేతిలో పెట్టాడు. ఫాల్స్ కుట్టిన డబ్బులన్నీ దానికే పోయాయి. సాయంత్రం ఆయన, బిల్లెంత వచ్చిందే అని అడిగాడు. సున్నా అన్నాను. ఆయన తిడతాడని భయపడి కాదు. ఆయన తిట్టడు. "నేను జెప్పిన గద" అని ఒక్క మాట అంటాడు, అంతే. ఆ మాట పడలేను. ఊకో అని నోరు మూయించింది నేను కదా.

రెండో నెల మొదలైన రోజే ఉపాయం తట్టింది. ఎనిమిదింటికి ఏసీ వేసేదాన్ని. పదింటికల్లా ఆయన ఒళ్ళు తెలియని నిద్రలో ఉండేవాడు. పిల్లిలా వెళ్ళి రిమోట్ నొక్కి, ఫ్యాను పెంచి వచ్చేదాన్ని. గది గంటసేపు చల్లగానే ఉండేది. పన్నెండు నుంచి ఉడికేది. మూడున్నరకు మళ్ళీ ఏసీ వేసేదాన్ని. నాలుగింటికి ఆయన లేచేసరికి గది చల్లగా ఉండేది. రోజంతా ఏసీలో పడుకున్నాననే అనుకునేవాడు.

గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇటు దొర్లేవాడు, అటు దొర్లేవాడు. బనియన్ వీపుకు అంటుకుపోయేది. ఒకసారి కళ్ళు తెరవకుండానే మంచినీళ్ళు అన్నాడు. తాగించాను. తాగి మళ్ళీ పడిపోయాడు. చూడు, నిద్రపోతూనే ఉన్నాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నా సమాధానం. అయినా అదే చెప్పుకున్నాను, రోజూ.

ఆ నెల నూట తొంభై ఒక్క యూనిట్ల దగ్గర ఆపాను. బిల్లు మీద సున్నా చూసి, గెలిచాననుకున్నాను.

మూడో నెలలో ఆయన దిండు ఎండలో వేస్తూ అడిగాడు, "ఏసీల పండుకున్నా గింత చెమట ఎందుకు పడుతుందే?"

"కలలొస్తున్నయేమో," అన్నాను.

అన్నం తింటూ తింటూ కునికేవాడు. ముఖం పీక్కుపోయింది. ఒక పొద్దున బండికి కుడివైపు అద్దం లేకుండా వచ్చాడు. పక్కంతా గీసుకుపోయింది. ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ డివైడర్‌కు రాశాడు. బండిలో ఇద్దరు ఆడవాళ్ళు, ఒక చంటిబిడ్డ. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళను వేరే క్యాబ్ ఎక్కించి, రోడ్డు పక్కన అరగంట కూర్చుని వచ్చాడట.

"ఒక్క రెప్ప పడ్డది," అన్నాడు. "రోజూ ఎనిమిది గంటలు పండుకుంటున్న. అదీ ఏసీల. ఐనా గిట్ల అయితుందంటే నాకేదో రోగమొచ్చింది."

అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆ రోజు మాత్రం ఏసీ కట్టెయ్యలేదు. మర్నాడు మళ్ళీ పదింటికే కట్టేశాను. రీడింగ్‌కు నాలుగు రోజులే ఉంది. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. కానీ జరిగింది అదే.

ఆయనే దవాఖానకు పోదామన్నాడు. వెంట వెళ్ళాను. డాక్టరమ్మ నాడి చూసింది, కళ్ళు చూసింది. ఎప్పుడు పడుకుంటావు, ఎన్ని గంటలు పడుకుంటావని అడిగింది. అన్నీ చెప్పాడు.

"ఏసీ గదిలో కూడా దిండు తడిసేంత చెమటా?" అని ఆమె మళ్ళీ అడిగింది.

"అవునమ్మా. కావాలంటే మా ఇంటిదాన్ని అడుగుండ్రి," అన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అవునని తల ఊపాను. షుగరు, థైరాయిడు, గుండె పరీక్ష రాసింది. రెండు రోజులకు అన్నీ బాగానే ఉన్నాయని వచ్చింది. అయినా చెమట ఎందుకు పడుతోందో తేలాలి కాబట్టి ఊపిరితిత్తులు కూడా చూపించుకోమంది. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి ఆయన మెల్లగా అన్నాడు, "మా బాపు గిట్లనే చెమటలు పట్టి పట్టి పోయిండు."

ఆటోలో ఇంటికొచ్చాం.

మర్నాడు ఆదివారం. పనికి వెళ్ళనని చెప్పి బీరువా తెరిచి నన్ను పిలిచాడు. ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టాడు.

"ఇది ఇన్సూరెన్స్. ఏమన్న అయితే గీ నంబరుకు ఫోన్ చెయ్యి. గిది బిడ్డ పేరు మీదున్నది, ఆమె చదువు అయ్యేదాకా ముట్టకు. నువ్వు ఊకె కోపానికొచ్చి ఎవరితోటి కొట్లాడకు. ఒక్కదానివి అయితవు."

మా బిడ్డ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. దాని పేరు ఎత్తేసరికి ఆయన చేతిలోని కాగితం లాక్కున్నాను.

"నీకేం రోగం లేదు," అన్నాను. "ఏసీ నేనే బంద్ చేస్తున్న."

ఆయనకు అర్థం కాలేదు. "ఎప్పుడు?"

"రోజూ. నువ్వు నిద్రపోంగనే. మూడున్నరకు మళ్ళ ఏస్తున్న."

"ఎందుకు?"

చెప్పాను. స్టార్ల సంగతి, లేబుల్ మీది సంవత్సరం, మొదటి నెల దాచిన బిల్లు, అన్నీ. మధ్యలో ఎక్కడా ఆపలేదు. నేనైతే ఈ మాట విని ఇల్లు పీకి పందిరి వేసేదాన్ని. ఆయన కూడా అరుస్తాడని, అరిస్తే బాగుండునని చూస్తున్నాను.

"అంటే నాకేం రోగం లేదా?" అన్నాడు.

"లేదు."

మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేదన్నాను. కాగితాల మధ్యనే మంచం మీద కూర్చున్నాడు.

"నెల దినాల సంది పొద్దుగాల ఇంటికొచ్చి నిన్ను చూసినప్పుడల్లా, ఇగ ఎన్ని దినాలు చూస్తనో అనుకున్న," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాత కూడా అనలేదు.

మా అమ్మనడిగి ఆ గొలుసు కుదువబెట్టి కొత్త ఏసీ తెచ్చాను. టీచరమ్మను వెంటబెట్టుకుని వెళ్ళి, ముందు సంవత్సరం చూసి, తర్వాతే స్టార్లు చూశాను. ఇన్వర్టర్‌ది. పాతది తిన్న కరెంటులో సగం కూడా తినదు. కొన్ని నెలలు రెండు వందలు దాటుతుంది, కొన్ని నెలలు దాటదు. దాటిన నెల బిల్లు ఆయన చేతికే ఇస్తాను. చూసి సరే అంటాడు.

ఎనిమిది నుంచి నాలుగు దాకా ఏసీ ఆగదు. గది చల్లగా ఉంటుంది. చెమట లేదు. కానీ పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి ఆయన ఉలిక్కిపడి లేస్తాడు. ముందు ఏసీ వైపు చూస్తాడు. నడుస్తూనే ఉంటుంది. తర్వాత గుమ్మంలో ఉన్న నా వైపు చూస్తాడు.

"నడుస్తుంది, పండుకో," అంటాను.

సరేనని పడుకుంటాడు. కళ్ళు మూయడానికి మాత్రం చాలాసేపు పడుతుంది.