కోడెలు తొక్కిన వల

అవెరిల్ స్టిక్‌లాండ్‌కు మనుషులంటే పెద్దగా పడదు. ఇంగ్లండులోని డార్సెట్‌లో ఇరవై ఏళ్లకు పైగా స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సెక్కిన పిల్లలెవరూ గట్టిగా నవ్విన పాపాన పోలేదు. మొగుడు ఇంకొకామెతో వెళ్లిపోయిన ఏడాది, ఒక వేసవి పొద్దున విన్‌మోర్ బీడు మీద నడుస్తూ, పిట్టలను వలతో పట్టి, అవి ఎక్కడెక్కడికి పోతాయో తెలుసుకోవడానికి కాళ్లకు నంబరున్న ఉంగరాలు తొడుగుతున్న వాళ్లను చూసి ఆగింది. వాళ్లలో ఒక ముసలాయన ఆమె చేతిలో ఒక పిట్టను పెట్టాడు. బరువన్నదే తెలియని ఆ ప్రాణి గుండె వేలి కింద టపటపా కొట్టుకుంది. అవెరిల్ ఆ పని నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. అప్పటినుంచి ఏ వేసవి వచ్చినా ఆమె తెల్లవారేది ఆ బీడు మీదే.

ఆ బీడు మీదే క్లెమ్ లోడర్ పశువులు మేసేవి. అది అతడికి తాతల నాటి హక్కు. పశువులు నేల మీది గూళ్లను తొక్కేస్తున్నాయని అవెరిల్ ఫిర్యాదు చేయడంతో, పిట్టలు గుడ్లు పెట్టే నెలల్లో బీడు యజమానులు సగం బీడుకు కంచె వేశారు. ఆ తర్వాత క్లెమ్ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. పబ్బులో అతడి నోట ఆమె పేరు పిట్టల మంత్రగత్తె. ఆమె కూడా తక్కువ తినలేదు. అతడి కుక్క కనబడితే చాలు, గొలుసేదని దారిన పోయేవాళ్లందరికీ వినబడేలా అడిగేది.

ఆ జూన్ ఆదివారం గాలి లేదు. పచ్చపూల ముళ్లపొదల నడుమ అవెరిల్ సన్నని వలలు కట్టి, మడత కుర్చీ వేసుకుని కూర్చుంది. మొదట పడిన పిట్టకు ఉంగరం తొడిగి, రెక్క కొలిచి వదిలేసింది. కాసేపటికి దూరపు వలలో తోక నిక్కించి తిరిగే పిట్టల జంట ఒకటి చిక్కుకోవడం చూసి లేచింది. పొదలో పిల్లలున్న జంట అది, తొందరగా విడిపించాలి. నాలుగడుగులు వేసిందో లేదో, కంచె గేటు కిర్రుమంది. క్లెమ్ గేటు బార్లా తీసి పట్టుకుని నిలబడ్డాడు. అతడి వెనక కోడెలు తోసుకుంటున్నాయి.

"గేటు మూయి. లోపల వలలున్నాయి" అంది అవెరిల్.

"గడ్డి కూడా ఉంది. మా తాత మేపిన గడ్డి."

"పిట్టలు చిక్కుకుని ఉన్నాయి క్లెమ్. వాటిని తీసేదాకా ఆగు."

"నేను ఆరేళ్ల నుంచి ఆగుతూనే ఉన్నాగా. ఇవాళ నువ్వు ఏడువు" అని అతడు పక్కకు తప్పుకున్నాడు.

కొత్త పచ్చిక చూసిన కోడెలు ఒక్కసారిగా పరుగందుకున్నాయి. అవెరిల్ చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది. అవి చెరో పక్కకు చీలి ఆమెను దాటిపోయాయి. వాటిలో ఎర్ర కోడె ఒకటి సూటిగా వలలోకి దూసుకుపోయింది. వల తలకు చుట్టుకుంది, వల కట్టిన గడ విరిగి వెంట పడింది. ఆ గడ చప్పుడుకే బెదిరి, అరుస్తూ పరుగెత్తి ముళ్లపొదలో కూలబడింది.

ఇద్దరూ పరుగెత్తారు. క్లెమ్ దాని మెడ మీద మోకాలు వేసి అదిమి, వల కోయమని అరిచాడు. అవెరిల్ చిన్న కత్తెర తీసింది. కానీ ఆమె వేళ్లు కోడె తల దగ్గరికి పోలేదు. వల మడతల్లో పిట్టల కోసం తడిమాయి.

"నా కోడె కన్ను పోతోందే! నువ్వు పిట్టల్ని వెతుకుతున్నావా?"

"గేటు తీసినప్పుడు గుర్తుకు రాలేదా కన్ను?"

ఆడపిట్ట నలిగి చచ్చిపోయి ఉంది. మగదాని చుట్టూ దారాలు కత్తిరించి వదిలితే పొదలోకి దూరింది. ఆ తర్వాతే ఆమె కోడె ముఖం మీది వల కోసింది. క్లెమ్ తల తిప్పి పట్టుకున్నాడు, ఆమె ఒక్కో దారం తెంపింది. అంతసేపూ ఒకరి ఊపిరి ఒకరికి తగులుతూనే ఉంది. కోడె లేచి నిలబడింది. ఎడమ కంటి నుంచి నెత్తురు కారుతోంది.

పశువుల డాక్టరు ఆ కన్ను నిలబెట్టలేకపోయాడు. పిట్టల మంత్రగత్తె తన కోడె కన్ను పోగొట్టిందని క్లెమ్ ఊరంతా చెప్పాడు. క్లెమ్ కావాలని పిట్టను చంపించాడని అవెరిల్ చెప్పింది. ఇద్దరూ అబద్ధమాడలేదు. కోడె ముఖం మీది దారం ముందు కోసి ఉంటే కన్ను దక్కేదేమోనన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. వచ్చినప్పుడల్లా గేటు దగ్గర అతడి ముఖాన్ని గుర్తు చేసుకుని కోపం తెచ్చుకునేది.

బీడు యజమానులు ఇద్దరి గోలా విని విసిగిపోయారు. ఆ పక్క ఇక వలలూ వద్దు, పశువులూ వద్దని గేటుకు తాళం వేశారు. తన హక్కు పోవడానికి ఆమే కారణమని అతడూ, తన పని పోవడానికి అతడే కారణమని ఆమె కూడా అనుకుంటూ ఉండిపోయారు.

మరుసటి వేసవి అవెరిల్ బైనాక్యులర్స్ పట్టుకుని కంచె అవతల కుర్చీ వేసుకుంది. ముళ్లపొద మీద ఏవో పిట్టలు వాలుతున్నాయి. వాటి కాళ్లకు ఉంగరాలున్నాయో లేవో అంత దూరం నుంచి తెలియడం లేదు. క్లెమ్ కుక్కతో అటుగా వచ్చాడు. కుక్కకు గొలుసు లేదు.

"ఇంకా చావలేదా నువ్వు?" అన్నాడు నడక ఆపకుండానే.

"నీ తర్వాతే" అంది అవెరిల్, కళ్ల మీది బైనాక్యులర్స్ దించకుండా.