క్రిస్మస్ తాత నడక

దగ్గరికి జరిగి కూర్చోండి. తలుపు దగ్గరగా వేశాను, ఇక చెప్పేస్తాను. ఏళ్ల తరబడి ఒక పాట నా గుండె మీద బండలా ఉంది. డిసెంబరు వస్తే తాండూరు నుంచి వికారాబాదు దాకా ప్రతి ఫోనులో మోగుతుంది. "తాతొచ్చె, మేకొచ్చె, గడ్డమంత మేసిపాయె!" మీరూ నవ్వే ఉంటారు.

ఆ పాట కట్టింది నేనని అందరికీ తెలుసు. ఎందుకు కట్టానో ఎవరికీ చెప్పలేదు.

మా తోటికోడలు రూతమ్మంటే నాకు గిట్టదు. ఇప్పటికీ గిట్టదు. కాపురానికి వచ్చిన ఏడే చర్చిలో నేను పాడే చోట నిలబడింది. "అక్కా, నీ గొంతు గిన్నె గీకినట్లుంటది, జర యెనక నిలబడు" అని పదిమందిలో అంది. తర్వాత తాండూరులో బండల పాలిష్ పనికి పోతే, నాపరాయి జారి ఆమె పాదం నలిగింది. నేనే వండిపెట్టాను, నీళ్లు తోడిచ్చాను. జాలిపడ్డానా? లేదు. చేతులు పని చేశాయి, అంతే.

క్రిస్మస్ నెలలో మా పాటల గుంపు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు తాత వేషం ఆమే కట్టేది. ముఖానికి ముసుగు, పాదాల దాకా ఎర్ర అంగీ. డప్పుకు ఎగురుతుంటే కుంటు కూడా ఆటలో కలిసిపోయేది. లోపల ఉన్నదెవరో పిల్లలకు తెలియదు. ఆ కాసేపు ఆమెను ఎవరూ 'పాపం' అనలేదు. అదే నేను ఓర్చుకోలేకపోయాను.

చర్చి విందుకు ఉల్లిగడ్డలు కోస్తూ పాట కట్టాను. ఒక అడుగు పడాలి, రెండోది ఆగి, ఈడ్చుకుంటూ పడాలి. తాళం అలాగే పెట్టాను. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. పెళ్లి బ్యాండు మేస్త్రీ ఒకాయన విని, బాకాలు పెట్టి వికారాబాదులో రికార్డు చేయించాడు. అక్కడ గిటార్ వాయించే అతను అడిగాడు: "దెబ్బ యెనక పడే గీ తాళాన్ని బయటిదేశంల స్కా అంటరమ్మా. నీకెవరు నేర్పిన్రు?"

"ధారూర్ స్టేషన్ల రైలు చప్పుడు" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఏడు తాత గడప దాటగానే పిల్లలు నా పాట అందుకున్నారు. అడుగు, ఈడ్పు. అడుగు, ఈడ్పు. ఎవరో అరిచారు: "అరే, గీ తాత మన రూతమ్మనే!" ఆమె నడివీధిలో ముసుగు తీసేసింది.

ఇంటికొచ్చి నన్నే అడిగింది.

"అక్కా, గా తాళం యాడికెళ్లి తెచ్చినవ్?"

"రైలు చప్పుడు."

"రైలు కుంటుతదా?"

"అన్నీ నీ మీదికే గుంజుకుంటవ్. పో, గిన్నెలు తోము."

ఆమె మళ్లీ ఆ వేషం కట్టలేదు. ఎర్ర అంగీని చింపి మసిగుడ్డలు చేసి, ఒకటి నా పొయ్యి పక్కన పెట్టింది. దానితోనే రోజూ గిన్నె దింపుతాను. నవ్వించడానికే కట్టానని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఉల్లిగడ్డలు కోస్తూ నా కళ్లముందు ఆడింది మేకా, తాతా, లేక ఆ నలిగిన పాదమా అని నన్ను నేనే అడిగితే, పాదమే.

క్షమించమని అడగను. అడిగితే ఆమె తలుపు వేసేస్తుంది. ఆమె చోట ఉంటే నేనూ వేస్తాను. గోడ అవతల ఇప్పుడూ నడుస్తోంది, వినండి. రైలు అబద్ధం. అది ఆమె నడక. నా నోటితో అన్నాను, ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఇక లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లోవాళ్లు ఎలా నడిచినా, ఆ చప్పుడు నాలాంటి దాని చెవిన పడకూడదు.