పొద్దు గుంకేదాకా కూర్చోని మనిషి

దేశదేశాలు తిరిగి బేకరీలకు పెద్ద ఓవెన్లు బిగించడం ఆవిడ పని. ఇంట్లోవాళ్ళు ‘మంటల మేస్త్రీ’ అని ఆటపట్టిస్తారు. ఎన్నేళ్ళుగా విమానాలెక్కుతున్నా మేస్త్రీకి సీట్లో కునుకు పట్టదు. దిగాక మాత్రం ఎక్కడ ఆనుకుంటే అక్కడే ఒరిగిపోతుంది. అందుకని తనకు తానే ఒక కట్టుబాటు పెట్టుకుంది. దిగిన రోజు పొద్దు గుంకేదాకా నడుం వాల్చకూడదు, మెత్తటి కుర్చీ జోలికి పోకూడదు.

ఈసారి దిగడం, చెల్లెలి బేకరీ తెరిచే ముందురోజే అయింది. తెల్లవారేసరికి ఓవెన్ కాగి ఉండాలి. చుట్టుపక్కల వీధులన్నిటికీ చెల్లెలు చెప్పుకుంది మరి. మేస్త్రీ విమానాశ్రయం నుంచి తిన్నగా కొట్టుకే వచ్చింది.

“కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఓ గంట పడుకోవే,” అంది తల్లి.

“ఇప్పుడు పడుకుంటే అర్ధరాత్రి గుడ్లగూబలా లేచి కూర్చుంటానమ్మా. తెల్లారి ఎందుకూ పనికిరాను.”

“పుట్టినప్పుడూ ఇంతే. పగలంతా నిద్ర, రాత్రంతా నాకు జాగారం.”

మేస్త్రీ చన్నీళ్ళతో మొహం కడుక్కుని పనిలోకి దిగింది. గ్యాసు గొట్టం అతుకులకు సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూసింది. ఓవెన్ తలుపు రబ్బరు సరిచేసింది. రెప్పలు బరువెక్కినప్పుడల్లా బయటికెళ్ళి ఎండలో నాలుగడుగులు వేసి వచ్చింది. రెండో కప్పు టీ తెస్తే, రాత్రి నిద్ర చెడుతుందని వద్దంది. చివరికి ఓవెన్ గడియారం సరిచేసి, నాలుగింటికి దానంతటదే వెలిగేలా పెట్టి, చెల్లెల్ని పిలిచింది.

“అన్నీ పైకి చదువు. నిద్రలేని రోజు నా కళ్ళను నేను నమ్మను.”

చెల్లెలు వంగి చదివింది. “వేడి సరే. వెలిగేది పొద్దున నాలుగింటికి, అదీ సరే. కానీ అక్కా, దీన్లో ఇప్పుడు టైము పొద్దున ఆరు.”

“అయితే?”

“గోడ మీద మధ్యాహ్నం రెండు.”

మేస్త్రీ మణికట్టు చూసుకుంది. మనిషి వచ్చేసింది గానీ చేతి గడియారం ఇంకా బయల్దేరిన దేశంలోనే ఉంది. దాన్ని చూసే ఓవెన్‌లో టైము పెట్టింది.

“రేపు మనది వెలిగేసరికి జనం మధ్యాహ్నం భోజనాలకి కూర్చుంటారు,” అంది చెల్లెలు. “పోనీ అక్కా, ఎల్లుండి తెరుద్దాంలే.”

“వద్దు. దొరికిన తప్పుకి భయమెందుకు? దొరకనిదే కొంప ముంచుతుంది.”

గడియారం విప్పి తల్లి చేతిలో పెట్టింది. “ఇది నా కంటపడకుండా దాచు.” గోడ గడియారం చూసి ఓవెన్‌లో టైము మళ్ళీ సరిచేసి, మొదటినుంచీ అన్నీ చెల్లెలితో ఇంకోసారి చదివించింది. ఆ తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని వీధి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. మాట తడబడింది గానీ నడక ఆపలేదు. దీపాలు వెలిగాక నాలుగు ముద్దలు తిని మంచమెక్కింది.

ఇంకా చీకటుండగానే మెలకువ వచ్చేసింది. లేవలేదు, ఫోను ముట్టలేదు. నిద్ర రాకపోతే పోయింది, ఒళ్ళయినా పడుకుంటుందని కళ్ళు మూసుకునే ఉంది. తల్లి భుజం తట్టాకే లేచింది.

కొట్టు తలుపు తీయగానే వెచ్చటి గాలి ముగ్గురి మొహాలకూ తగిలింది. చెల్లెలు ఓవెన్ దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

తల్లి కుర్చీ లాగింది. “ఇప్పుడైనా కూర్చోవే, మేస్త్రీ.”

“మొదటి ట్రే దిగనీ,” అంటూ మేస్త్రీ చేతులకు తొడుగులు వేసుకుంది.