మామగారి తోటలో పురుగుల వేట

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. దానివల్ల మా మామగారి పామాయిల్ తోటను నేనెలా ముంచబోయానో చెబుతాను. హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ ముందు మాత్రం నవ్వకండి, ఆవిడకింకా కోపం చల్లారలేదు.

మాది పెంటపాడు దగ్గర పల్లెటూరు. వరి చేలో రోజూ ఏదో ఒక పని ఉంటుంది: నీళ్లు పెట్టాలి, కలుపు తీయాలి, పురుగు కనబడితే మందు కొట్టాలి. పెళ్లయిన కొత్తలో గుండుగొలను దగ్గర మామగారి తోటకు వెళితే, ఎటు చూసినా ఒకటే రకం చెట్లు, బారులు తీరి ఊరికే నిలబడి ఉన్నాయి.

"ఒకసారి నాటితే పాతికేళ్లు కాపండీ. తొందరపడకూడదు," అన్నారు మామగారు. తిరుపతి వెళుతూ తోట నాకప్పగించి, "మీరు చూసుకునేదాన్నిబట్టి, వచ్చాక దీన్ని మీ చేతిలో పెట్టాలో వద్దో ఆలోచిస్తానండి," అన్నారు. ఇక నాకు కాలు నిలుస్తుందా!

మర్నాడు చూద్దును కదా, మగపువ్వుల నిండా చిన్న చిన్న నల్లపురుగులు! ఒక్క పరుగున ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

"నాన్నగారికి ఫోన్ చేసి అడగండి," అంది మా ఆవిడ.

"దేవుడి దర్శనానికెళ్లిన మనిషిని పురుగుల గురించి అడుగుతామా? నువ్వూరుకో!"

తాడేపల్లిగూడెం పరుగెత్తి మందు తెచ్చాను. లేత తోట కాబట్టి పువ్వులన్నీ చేతికందే ఎత్తులోనే ఉన్నాయి, నా ఖర్మ. ఒక్కటీ వదలకుండా తడిపేశాను.

మామగారు తిరిగొచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే ఎదురెళ్లాను.

"మగపువ్వుల మీద పురుగులన్నీ చంపేశానండి!"

ఆయన చేతిలో లడ్డూల సంచి జారిపోయింది. "అయ్యో అయ్యో! అవి ఆడపువ్వులకి పుప్పొడి మోస్తేనే కదండీ గెల కట్టేది! ఇప్పుడు గెలలన్నీ తాలు పోతాయి కదండీ!"

దానికి విరుగుడు ఒక్కటే. మందు ఘాటు పోయాక, పక్క తోటలోంచి పురుగులున్న మగపువ్వులు కోసుకొచ్చి మా తోటలో పెట్టాలి. మామగారు నన్ను ఆ రైతు ఇంటికి తీసుకెళ్లారు. అడగాల్సింది నేనే.

"ఏవండీ... మీ పురుగులు కాసిని ఇప్పిస్తారా?"

ఆయన నన్ను ఎగాదిగా చూసి, మామగారి వైపు తిరిగారు. "ఇవ్వడానికేముందండీ. కానీ అన్నీ తెలిసి మీ అల్లుడుగారి చేతిలో ఎలా పెడతామండీ?"

మామగారు పెద్ద నిట్టూర్పు విడిచారు. "నేను పిల్లనే ఇచ్చేశానండి. మీరు పురుగుల్నివ్వడానికి ఆలోచిస్తారేంటండీ?"

పురుగులొచ్చాయి. తోట మాత్రం ఇంతవరకూ నా చేతికి రాలేదు. అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మామగారి అనుమతి లేనిదే ఆ తోటలో నన్ను కుట్టిన దోమనైనా కొట్టను.