ఫ్లెక్సీలో సారు ఖాళీగా ఉంచమన్న జాగా

సారు పోయిన కబురు నాకు ఫోటోగా వచ్చింది.

సూర్యాపేటలో నాది ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు. ఆ ఉదయం షట్టరు ఎత్తి, కంప్యూటరు ముందు కూర్చుని, రిమోటు బండ్లను రాళ్లెక్కించే మా పోటీల ఫ్లెక్సీ తెరిచి పెట్టుకున్నాను. అంతా అయిపోయింది, పైభాగం ఒక్కటే ఖాళీ. అక్కడ పెద్ద స్పాన్సర్ పేరు రావాలి. ఆ పేరు తేవడానికే ముందురోజు సారు మిర్యాలగూడ వైపున్న ఒక సిమెంటు కంపెనీకి వెళ్లారు. తిరుగు బస్సెక్కే ముందు ఫోన్ కూడా చేశారు. "పనైందా సార్?" అనడిగితే, "వచ్చి చెప్త తియ్యి. ఆ జాగ మాత్రం అట్లనే ఉంచు" అన్నారు. గొంతు హుషారుగా ఉంది. షాపు మూసేదాకా చూశాను, రాలేదు. అలసిపోయి ఇంటికి వెళ్లుంటారులే అనుకున్నాను.

ఇక ఆ ఉదయం, సారు బామ్మర్ది దగ్గర నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో దిగింది. సారు ఫోటో. తెల్ల చొక్కా, మెడలో విజిల్. నాకు నవ్వాగలేదు. ఎందుకంటే, "ఫ్లెక్సీ మీద నా మొఖం కనవడ్డదంటే నీ షాపు మెట్లెక్క" అని నన్ను ఇన్నేళ్లుగా బెదిరిస్తూ వచ్చిన మనిషాయన. చివరికి దారికొచ్చారన్నమాట! ఫోటో వెనకాల ఉన్న గోడను కత్తిరించేసి, మొహం కాస్త తేటగా చేసి, ఆ ఖాళీ జాగాలో పెట్టి చూశాను. చక్కగా కుదిరింది కూడా.

అప్పుడు దిగింది కింద మెసేజ్. 'అన్నా, బావ నిన్న సాయంత్రం చనిపోయిండు. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అర్జెంట్.'

ఫోన్ చేసి అరిచాను. "ఏం మెసేజ్ పెట్టినవ్‌రా? ఎవరిది ఎవరికి పంపినవ్? సోయుండే పంపినవా?" అవతల కుర్రాడు కాదు, యాభై దాటిన మనిషి. "నీకే అన్నా. నీకే పంపిన" అని ఏడ్చాడు. తెర మీద సారు నన్నే చూస్తున్నారు. పైన సారు, కింద 'అందరికీ ఆహ్వానం'. ఆ ఫైలును అలాగే వదిలేశాను.

బస్సులోనే పోయారట. కిటికీ పక్క సీటు, ఒళ్లో ఖాళీ సంచి. సూర్యాపేట బస్టాండులో అందరూ దిగినా ఆయన దిగలేదు. కునుకు పట్టిందనుకుని కండక్టరు భుజం మీద చెయ్యేసి లేపాడట. దవాఖానకు తీసుకెళ్తే, దారిలోనే అయిపోయింది, గుండె ఆగింది అన్నారు. బీపీ లేదు, షుగరు లేదు, పొద్దున్నే గ్రౌండు చుట్టూ మాలాంటి వాళ్లను వెనక్కి నెట్టి నడిచే మనిషి. ఎలా నమ్మాలి? ఇది రాస్తున్న ఇప్పటికీ నాకు నమ్మకం కుదరడం లేదు. షాపు ముందు బండి ఆగిన చప్పుడైతే తలెత్తి చూస్తున్నాను.

ఆయన మాకు తిరుమలగిరి హైస్కూల్లో పీఈటీ సారు. వాలీబాల్ నేర్పించారు. సర్కారు బడిలో బంతికి గాలి కొట్టే పంపు కూడా ఉండేది కాదు. ఎరువుల దుకాణం నుంచి నెట్టు, టైర్ల షాపు నుంచి పంపు, ఇలా ఎవరి దగ్గర ఏది అడగాలో సారుకు తెలుసు. రిటైరయ్యాక ఆయన చెయ్యి ఊరుకోలేదు. హైదరాబాదులో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు, ఒక పార్కులో కొందరు యువకులు రిమోటుతో చిన్న చిన్న బండ్లను రాళ్ల మీదికి ఎక్కిస్తుండగా చూశారట. మూరెడు పొడవుండే బండి. పరుగు పందెం కాదు, పాకుడు పందెం. రాళ్ల మధ్య గుచ్చిన పుల్లల సందుల్లోంచి బోల్తా పడకుండా ఎక్కించి దించాలి. మధ్యలో చెయ్యి తగిలితే పెనాల్టీ.

అక్కడి నుంచి నేరుగా నా షాపుకే వచ్చారు. "అరే, ఆ పట్నంల రాళ్లు కొనుక్కొచ్చి పోసుకుంటున్నర్రా! మన దగ్గర రాళ్లకేం తక్కువ?" అన్నారు. ఆయన సొంతూరు మోతె దగ్గర. అక్కడి గుట్టల కింద తిరిగి, బండికి పట్టు దొరికే రాళ్లు, దొరకని రాళ్లు ఏరి, ట్రాక్టరులో తెచ్చి సూర్యాపేట బయట ఒక ఖాళీ జాగాలో పేర్పించారు. మెకానిక్కులు, ఐటీఐ పిల్లలు, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే ఒకావిడ, ఇలా ఒక్కొక్కరే చేరారు. సగం మంది బండ్లు సొంతంగా తయారు చేసుకున్నవే.

బండి పల్టీ కొట్టినప్పుడు అందరికీ చెయ్యి ముందుకు పోతుంది. పోయిందో, సారు విజిల్ చెవులు పగిలేట్టు మోగేది. "చెయ్యెయ్యకు! దాని తిప్పలు దాన్ని పడనియ్యి. అదే లేస్తది." చాలాసార్లు లేచేది కూడా. చక్రాలు గాల్లో తిరిగి తిరిగి, ఎక్కడో ఒక అంచు దొరికి, ఒళ్లు విరుచుకున్నట్టు పక్కకు ఒరిగి నిలబడేది. అప్పుడు సారు మొహం చూడాలి.

మరి ఖర్చు ఎవరు పెట్టాలి? రాళ్లు తెచ్చే ట్రాక్టరు కిరాయి, టెంటు, మైకు, భోజనాలు. టీ కొట్టు, పంక్చరు షాపు, మా ఫ్లెక్సీ షాపు కలిసి ఎన్నాళ్లు లాగగలం? పెద్ద కంపెనీ పట్టాలి. దానికి సారు పద్ధతి సారుకుంది. సంచిలో ఒక బండి, ఒక రిమోటు, మోతె గుట్ట కింద దొరికిన గరుకు రాయి ఒకటి. ఆఫీసులో పెద్దసారు టేబుల్ మీద పేపరు పరిచి, రాయి పెట్టి, దాని ముందు బండి పెట్టి, రిమోటు ఆ పెద్దసారు చేతికిచ్చి, నోరు మూసుకుని కూర్చునేవారు. "నేను మాట్లాడితే అడుక్కున్నట్టు ఉంటది. బండిని మాట్లాడనీ" అనేవారు. రాయితో పెద్ద తంటా గేటు దగ్గరే. ఒకచోట వాచ్‌మన్ సంచి తెరిచి చూసి, "ధర్నాకొచ్చినవా పెద్దమనిషీ?" అని గంటసేపు నిలబెట్టాడు.

స్పాన్సర్లకు కూడా సారు ఒక ఆనవాయితీ పెట్టారు. దీపం వెలిగించడం, రిబ్బన్ కత్తిరించడం ఏమీ లేవు. స్పాన్సర్ వచ్చి, అందరి ముందు రిమోటు పట్టుకుని మొదటి రాయి తానే ఎక్కించాలి. పడితే జనం నవ్వుతారు, నవ్వనివ్వాలి. శాలువాలు లేవు, ఫోటోలు అసలే లేవు.

ఆ ఫోటోల కథ కోదాడ పోటీల్లో జరిగింది. మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని ఒకాయన ఒప్పుకున్నాడు. ఆయన అల్లుడు మాత్రం పట్టు పట్టాడు. "మా మామ ఫోటో లేకుంటే అది స్పాన్సరెట్లయితది? అన్నిట్లకంటె పెద్ద రాయి మీదనే వెయ్యాలె!" అని. "పేరు చాలయ్యా, ఫోటో వద్దు" అని సారు నచ్చజెప్పి చూశారు. వినలేదు. రాయంత స్టిక్కరు నా దగ్గరే చేయించుకుని, స్వయంగా అంటించాడు. పోటీ మొదలైంది. యజమాని ఆనవాయితీ ప్రకారం మొదటి రాయి ఎక్కించి, ముందు వరుసలో కూర్చున్నాడు. పోటీలో మొదటి బండి స్టిక్కరు మీది ఆయన గదవ మీదుగా ఎక్కి, మీసం తొక్కి, ముక్కు కింద ఆగిపోయింది. చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి గానీ పైకి పోదు. వెనకాల నుంచి ఎవడో, "అరే, ముక్కు కాడ పట్టు దొరుకుతలేదురో!" అని కేకేశాడు. అల్లుడు ఉరికొచ్చి బండిని లాగేయబోయాడు. సారు విజిల్ ఊది, "చెయ్యెయ్యొద్దు! పెనాల్టీ!" అన్నారు. మిల్లు యజమాని లేచి కారెక్కి వెళ్లిపోయాడు. ఆ తరువాత మిర్యాలగూడలో ఏ మిల్లుకు వెళ్లినా, ముందు ఆ ముక్కు కథ చెప్పించుకుని కడుపుబ్బా నవ్వి, ఆ తరువాత లేదని పంపేవారు.

మేమూ నవ్వాం గానీ సంగతి చిన్నది కాదు. ఈసారి పెద్ద కంపెనీ దొరక్కపోతే పోటీలు ఇంతటితో ఖతం. టెంటాయన కూడా ఇక నా వల్ల కాదన్నాడు. సిమెంటు కంపెనీ ఒక్కటే మిగిలింది. అప్పటికే సారు ఎన్నోసార్లు గేటు దాకా వెళ్లొచ్చారు. నాకు ఓపిక పోయి ఒకరోజు అనేశాను. "సార్, ఈ వయసుల మీకెందుకు ఈ పరేషాన్? దానం లెక్క ఎవరినన్న అడుగుదాం, ఇచ్చేటోళ్లు ఇస్తరు." ఆయన కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పారు. "దానం తీసుకుంటే దండం పెట్టాలె. స్పాన్సర్ తీసుకుంటే పేరు పెట్టాలె. మన పిలగాండ్లు ఎవనికీ దండం పెట్టొద్దు. ఆట ఆడాలె. మనం పేరు పెడదాం." అలా చెప్పే ఆ పైజాగా ఖాళీగా ఉంచమన్నారు.

ఆ జాగాలో ఏం రాయాలో తెలిసిన ఒక్క మనిషీ బస్సులో పోయాడు. ఒప్పుకున్నారో లేదో ఎవరికీ తెలియదు. సంచిలో బండి లేదు, రాయి లేదు. నేను మాత్రం ఆ హుషారు గొంతు విన్నాను కాబట్టి, పని అయ్యే ఉంటుందనుకున్నాను. కంపెనీకి ఫోన్ చేద్దామని నంబరు నొక్కడం, కట్ చేయడం. ఏమని అడగాలి? మా సారు పోయారు, మీరేమన్నారు అనా? ఆ రోజు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ నేనే వేశాను. ఆయన ఫోటోతో నా మిషన్ మీద వచ్చిన మొదటి ఫ్లెక్సీ అదే. మిషన్ లోంచి మొహం కొంచెం కొంచెంగా బయటికొస్తుంటే చూడలేక బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను.

దినాలు అయిన తరువాత ఒకాయన అట్టపెట్టె పట్టుకుని షాపుకొచ్చాడు. సిమెంటు కంపెనీ మేనేజరట, ఊరు కోదాడ. సారు ఇంటికెళితే నా షాపుకు పొమ్మన్నారట. పెట్టెలోంచి బండి తీశాడు, రిమోటు తీశాడు, మోతె రాయి తీసి నా బల్ల మీద పెట్టాడు.

"మాస్టారు గారు మా దగ్గరే వదిలేసి వెళ్లారండీ" అన్నాడు.

"మీరు ఒప్పుకున్నరు కదా సార్ ఆరోజు?"

"లేదండీ. కుదరదనే చెప్పాం. ఆటబొమ్మలకు మా కంపెనీ పేరెందుకు అనిపించింది. ఆయన బతిమాలలేదండీ. లేచి, 'బండి ఈడనే ఉండనీయండి, మళ్లొచ్చి తీసుకుపోత' అని నవ్వి వెళ్లారు. సాయంత్రం షిఫ్టు దిగాక మా వాళ్లు దాన్ని సున్నపురాయి కుప్ప మీదికి ఎక్కించడం మొదలెట్టారు. రాయిని పొడి చేయడమే గానీ, రాయితో ఆడుకోవడం మాకేం తెలుసండీ? ఇంటికి పోవడం మర్చిపోయి మూగారు. నేనూ పట్టుకున్నా, పడేశా, మళ్లీ పట్టుకున్నా. పొద్దున్నే ఒప్పుకున్నామని చెబుదామని ఫోన్ చేస్తే, ఎత్తినావిడ ఏడుస్తున్నారు."

నాకు ఆ మనిషిని పట్టుకుని కొట్టాలనిపించింది. ఆ మాట ముందురోజే అంటే మీ సొమ్మేం పోయింది? సారు 'లేదు' విని బస్సెక్కారు. లేదనిపించుకున్నాకే నాకు ఫోన్ చేశారు, అంత హుషారుగా, ఆ జాగ అట్లనే ఉంచు అని. ఆ గొంతు ఇప్పుడు నా చెవిలో వేరేగా మోగుతోంది. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, కొత్త మనిషి ముందు సిగ్గు లేకుండా. ఆయనా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పైన మా పేరు వద్దండీ. ఖర్చంతా మాదే. అక్కడ మాస్టారు గారి ఫోటో వేయండి" అన్నాడు వెళ్లబోతూ.

"వద్దు సార్. మీ పేరే పెడ్త. మొదటి రాయి కూడ మీరే ఎక్కియ్యాలె. పడితే నవ్వుతరు మరి" అన్నాను. కంప్యూటరు తెరిచి, ఆయన ముందే ఆ పైజాగాలోంచి సారు ఫోటో తీసేసి కంపెనీ పేరు రాశాను.

మొన్న ఆదివారం పోటీలు జరిగాయి. విజిల్ ఎవరి దగ్గరుందో నేను అడగలేదు, ఎవరూ ఊదలేదు. సిమెంటు మేనేజరు ఇస్త్రీ బట్టల్లో, బూట్లలో వచ్చి, సారు బండిని సారు రాయి మీదికే ఎక్కించాడు. టైర్లలో ఇంకా తెల్లటి సున్నపురాయి పొడి ఉంది. సగం ఎక్కి, బండి వెల్లకిలా పడింది. ఎవరూ నవ్వలేదు. మోటార్లు చుట్టే ఆవిడ చెయ్యి ముందుకొచ్చింది, నా చెయ్యీ ముందుకొచ్చింది, మధ్యలో రెండూ ఆగిపోయాయి. బండి చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి, ఏదో ఒక అంచు కోసం. మేమంతా చుట్టూ నిలబడి చూస్తున్నాం. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.