లేని వేళ్ళ తీపు

గున్నమ్మ కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి. మిగిలినవి నొప్పి పెట్టవు. లేనివే పెడతాయి.

ఆమెది టెక్కలి వైపు పల్లె. పెళ్ళయి భిలాయి వచ్చేనాటికి భర్త గురునాథరావు ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు. సెక్టర్ 7లో క్వార్టరు, వెనక చారెడు నేల. ఆ నేలలో ఆనపకాయలు కాయించి ఇరుగుపొరుగుకు పంచేది. పిల్లలు కలగలేదు. ఆడపడుచు కూతురు హరిత బడి కోసం వాళ్ళింట్లో ఉండి పెరిగింది. జడ వేసింది, పరీక్షల ముందు పెరుగన్నం కలిపి పెట్టింది గున్నమ్మే. హరిత ఆమెతో తెలుగు మాట్లాడేది. ఏడుపొస్తే హిందీలో ఏడ్చేది.

గురునాథరావు పనిలో గట్టివాడు. తిరిగే యంత్రం దేనికైనా పైన కవచం లేకపోతే మోటారు వేయనిచ్చేవాడు కాదు. ఓ ఏడు భద్రతా వారోత్సవంలో అతడికి షీల్డు ఇచ్చారు. గున్నమ్మ దాన్ని మెత్తటి చీరముక్కతో తుడిచేది.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి భిలాయి-3 అవతల ఇల్లు కట్టుకున్నారు. పక్కనే కొంత వరిపొలం కౌలుకు తీసుకున్నారు. పొలం గున్నమ్మ కోరిక. వరి నూర్చే థ్రెషర్ గురునాథరావు కోరిక. పాతది కొని, తనే బాగుచేసి, కోతల కాలంలో ఊళ్ళోవాళ్ళకు అద్దెకిచ్చేవాడు.

వరి మోపులు పెట్టే నోటి మీద ఒక రేకు మూత ఉండేది. అది ఉంటే చెయ్యి లోపలికి పోదు. పెద్ద మోపూ పోదు. కిందటి కోతల్లో మబ్బు పట్టింది. అతడు నట్లు విప్పి మూత తీసి గోడకు ఆనించాడు.

"ఇదేటి, తీసీసినావు?" అంది గున్నమ్మ.

"బేగి అవ్వాలి కదే. వాన కొట్టిందంటే అంతే. నువ్వు పెట్టు."

ఆమె కొంగు నడుముకు బిగించి పెట్టింది. తడిగడ్డి వేళ్ళకు చుట్టుకుంది. ఆ తరువాతది ఆమెకు సరిగా గుర్తు లేదు.

గాయం మానింది. నొప్పి మానలేదు.

దుర్గ్ దారిలో ఒక ఆసుపత్రి ఉంది. పొలం యంత్రాల వల్ల దెబ్బ తిన్నవాళ్ళ మీద అక్కడ పరిశోధన మొదలుపెట్టారు. నరం పక్కన ఒక కొత్త మందు ఎక్కిస్తారు. దాంతో తగ్గనివాళ్ళకు రెండోసారి, ఇంకొంచెం లోతుగా ఇస్తారు. ఆ రెండో విడతవాళ్ళ ఇళ్ళకు వచ్చి యంత్రాన్ని కూడా చూస్తారు. అలాంటి దెబ్బ మరొకరికి తగలకుండా ఏం చెయ్యొచ్చో తెలుసుకోవడానికి. ఇప్పటికీ వాళ్ళింట్లోనే ఉంటున్న హరితకు అక్కడే ఉద్యోగం. రోగులతో మాట్లాడి, వాళ్ళు చెప్పింది డాక్టరుకు చెప్పడం. అత్తను చేర్పించింది తనే.

మొదటి రోజు డాక్టరు రమాకాంత్ దెబ్బ ఎలా తగిలిందని అడిగాడు. గురునాథరావు ముందుకు వంగి జవాబు చెప్పాడు.

"పల్లూ ఫస్ గయా, సాబ్."

కొంగు చిక్కుకుందట. గున్నమ్మకు అంత హిందీ తెలుసు. భర్త గొంతు వణకడం కూడా తెలిసింది. భయపడ్డాడు, అనుకుంది. ఊరుకుంది.

మందు ఎక్కించిన కొన్నాళ్ళకు హరిత వరండాలో బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది.

"ఇప్పుడు దర్ద్ ఎలా ఉంది అత్తా? ముందులాగేనా? ఖుల్‌కే చెప్పు, సిగ్గుపడకు."

"సిగ్గేటే, నొప్పికి? లేని వేళ్ళు తీపులెడతన్నాయి. తెల్లార్లూ ఒకటే తీపు."

ఆమె పుట్టిన ఊళ్ళో తీపంటే ఎముకను తవ్వే నొప్పి. బాలింతలకు నడుం తీపు, కాపులకు కాళ్ళ తీపు. హరితకు తెలిసిన తీపు ఒక్కటే. నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి డాక్టరుతో, "మీఠా మీఠా దర్ద్ హై, సర్" అంది. హిందీలో ఆ మాట ఉంది. తియ్యతియ్యగా, ఉందా లేదా అనిపించే నొప్పి. డాక్టరు సంతోషించాడు. మందు పనిచేసింది, రెండోసారి అక్కర్లేదు, మాత్రలు చాలు అన్నాడు.

గున్నమ్మ మాత్రలు మింగింది. చెయ్యి గుండెలకు ఆనించుకుని మంచం మీద కూర్చునేది. "రెండోది ఎప్పుడిస్తారే?" అని అడిగేది. "పిలుస్తారు అత్తా" అనేది హరిత. మొదట్లో ముఖం చూసి చెప్పేది. తరువాత ఫోను చూస్తూ చెప్పేది.

ఎండలు ముదిరాక ఒకరోజు మాత్రల కోసం వెళితే నర్సు మణిమాల పలకరించింది.

"ఆప్‌కా తో బస్ మీఠా మీఠా దర్ద్ హై నా, అమ్మాజీ!"

"మీఠా?" అంది గున్నమ్మ. ఆ మాట ఆమె జిలేబీ కొట్టు దగ్గర విన్నది.

ఇంటికి వచ్చింది. హరిత వంటింట్లో టీ పెడుతోంది. గురునాథరావు వాకిట్లో థ్రెషర్ ముందు కూర్చుని ఉన్నాడు. మూత మళ్ళీ బిగించి, ఆకుపచ్చ రంగు వేశాడు.

"తీపంటే మీఠా అని సెప్పినావేటే, డాక్టరుకి?"

"తీపంటే మీఠాయే కదా అత్తా?"

"సర్లే. తెలీక సెప్పినావు. రేపెల్లి సెప్పు. సలుపని, పోటని, ఏదో ఒకటి. నీ హిందీల నొప్పికి మాటే లేదేటి?"

హరిత టీ వడకట్టింది. గ్లాసులు రెండే తీసింది, తనకు తీసుకోలేదు.

"తర్వాత తెలిసింది. అమ్మ ఫోన్‌లో చెప్పి ఒకటే నవ్వు. సర్‌కి చెప్దామనే బయల్దేరా. మావయ్యే, రహనే దే, వదిలెయ్ అన్నారు."

"ఎప్పుడు?"

"శివరాత్రికి ముందు."

గున్నమ్మ గుమ్మం దాకా వచ్చింది. గురునాథరావు తల ఎత్తలేదు. అన్నీ విన్నాడు.

"రెండో మందిస్తే ఆళ్ళు ఇంటికొస్తారే," అన్నాడు. "ఫొటోలు తీస్తారు. మూతేది, ఎవుడు తీసినాడంటారు. ముప్పయ్యేళ్ళు సేఫ్టీ సేఫ్టీ అని అరిసినోణ్ణి. నలుగురూ నవ్వరేటి?"

"నాను రాత్రుల్లు లేసి కూకుంటే సూసినావా, లేదా?"

"సూసినాను."

"సూసి?"

"అలవాటైపోద్దనుకున్నాను. ఇప్పుడు మూత బిగించీసినాను కదా. ఇంకేటి సెయ్యమంటావు?"

"కొంగు సిక్కుకుందన్నావు. ఊరుకున్నాను. బయపడ్డావనుకున్నాను." ఆమె ఆకుపచ్చ మూత వైపు చూసింది. "ఇది బయం కాదు."

హరిత వెనక నిలబడి ఏడ్చింది. "సారీ అత్తా. మావయ్య నన్ను చదివించారు కదా. ఎలా కాదంటాను?"

"నాను నీకేటీ సెయ్యలేదేటే?" అంది గున్నమ్మ. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఒక్కతీ ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో వరండా బల్ల మీద కూర్చోలేదు. తిన్నగా డాక్టరు గదిలోకి వెళ్ళి నిలబడింది. రమాకాంత్ హరిత కోసం ఆమె వెనక్కి చూశాడు. ఎవరూ లేరు.

ఇన్నేళ్ళూ బజారు హిందీతో గడుపుకొచ్చింది. కూరలకూ బియ్యానికీ అది సరిపోయింది. నొప్పి ఒక్కటే ఆమెకు తెలుగులో వచ్చేది. దారి పొడవునా మాట కోసం వెతుక్కుంది. చివరికి పొలంలో పక్క మడి ఆడవాళ్ళు నడుం పట్టుకుని అనుకునే ఛత్తీస్‌గఢీ మాట దొరికింది.

"మీఠా నహీ, సాబ్," అంది. చెయ్యి బల్ల మీద పెట్టింది. "అబ్బడ్ పిరాథే." విపరీతంగా నొప్పి పెడుతోందని.

రమాకాంత్ ఇక్కడే పుట్టినవాడు. వాళ్ళమ్మ నోట వినుంటాడు. లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. ఎప్పటినుంచి అన్నాడు. మొదటి రోజు నుంచీ అంది. ఎలా జరిగిందో మళ్ళీ అడిగాడు. వచ్చిన హిందీలో, రాని చోట ఎడమచేత్తో గాలిలో చూపిస్తూ చెప్పింది. మూత. నట్లు. గోడ. బిగించి దోపుకున్న కొంగు.

అతడు వచ్చే వారం రెండో మందు ఇస్తానన్నాడు. ఆ రోజు మత్తుగా ఉంటుంది, తోడు ఒకరు ఉండాలి, ఇంటి నుంచి ఎవరు వస్తారన్నాడు.

"కోయీ నహీ." ఎవరూ రారంది.

"ఆ రోజు మీతో ఒకాయన వచ్చారు కదా?" అన్నాడు హిందీలో.

యజమానికి హిందీ మాట గున్నమ్మకు వచ్చు.

"వో మషీన్‌కా మాలిక్ హై," అంది.

డాక్టరు మణిమాలను పిలిచి, ఆ రోజంతా ఈమె దగ్గర నువ్వే ఉండాలన్నాడు. ఈసారైనా పోతుందా అని గున్నమ్మ అడిగింది. పోతుందని మాట ఇవ్వలేను, తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు అన్నాడు.

ఆమె తల ఊపింది. చెయ్యి బల్ల మీద నుంచి తీసుకుని, మరో చేతిలో పెట్టుకుని, వరండాలోకి వచ్చి బల్ల మీద కూర్చుంది. ఇంటి వైపు ఆటోలు వెళుతున్నాయి. ఆమె ఏ ఆటోనూ ఆపకుండా కూర్చునే ఉంది.