హెల్మెట్ పెట్టుకున్న పెళ్లికొడుకు

గంటన్నకు ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు, ఫైర్ స్టేషన్లో తోటివాళ్లు పెట్టింది. బడి గంట, సైకిల్ బెల్లు, పక్కింటి అలారం, ఏది మోగినా ముందు ఆయన కాళ్లు లేస్తాయి, బుర్ర తర్వాత లేస్తుంది. ఒకసారి సినిమాలో ఫైరింజను గంట కొట్టుకుంటూ వస్తే హాలు బయటికి పరుగెత్తి, మంట ఎక్కడో చెప్పమని టికెట్లవాణ్ని నిలదీశాడట! అలాంటి మనిషిని కట్టుకుంది టైలరమ్మ.

ఆమె మాత్రం తక్కువ తిన్నదా? బడిపిల్లల యూనిఫారాలు కుడుతూనే ఇంటిని ఒంటిచేత్తో ఏలింది. ముక్కు మీద కోపం. దానికి తోడు చేతిలో ఒక బ్రహ్మాస్త్రం.

అదేమిటంటే, వాళ్ల పెళ్లిలో భోజనాలు మొదలవుతుండగా వీధి చివర స్టేషన్ గంట మోగింది. పెళ్లికొడుకు కొత్త బట్టలతోనే పరుగు! పరుపుల దుకాణం అంటుకుందట. చుట్టాలు ఊరుకుంటారా, తమాషా చూడ్డానికి వాళ్లూ పోయారు. హాల్లో మిగిలింది పెళ్లికూతురు, ఫోటోగ్రాఫరు, బోలెడు ఖాళీ కుర్చీలు. రెండు గంటల తర్వాత మసికొట్టుకుపోయి తిరిగొచ్చాడు మహానుభావుడు. కళ్లు కడుక్కుని చూసేసరికి పెళ్లికూతురు మూతి ముడుచుకుని ఉంది. మూడు రోజులు మాట్లాడలేదని ఇప్పటికీ చెబుతుంది. ఫోటో సంగతి అడిగితే, రీలు పాడైపోయిందని తేల్చేసింది.

అప్పట్నుంచి ఇరవై నాలుగేళ్లు కర్టెన్ రంగైనా, కూరలో ఉప్పైనా గెలుపు ఆమెదే. "పెళ్లినాడే నన్ను కుర్చీలో వదిలేసి పోయిన మనిషి మీరు! మీరా నాకు చెప్పేది?" అంటే చాలు, గంటన్న గాలి తీసిన ట్యూబులా కూలబడేవాడు.

ఈ మధ్య ఒక గోదాములో నిచ్చెన జారి ఆయన మోకాలు నుజ్జయింది. ఇక వంగదన్నారు డాక్టర్లు. మెడికల్ బోర్డువాళ్లు దయగలవాళ్లు, సరిగ్గా ఇరవై అయిదేళ్ల సర్వీసు నిండే రోజునే ఇంటికి పంపుతున్నట్టు రాశారు. నిండితే పూర్తి పింఛను. ఒక్క రోజు తగ్గినా సగమే. ఆయన నిచ్చెనెక్కే రోజులు పోయాయి, ఆమెకు సూదిలో దారం ఎక్కే రోజులూ పోతున్నాయి. సగంతో ఇల్లు గడవదు.

పింఛను ఆఫీసులో గుమాస్తామ్మ ఫైలు తిప్పి, కళ్లజోడు సర్దుకుని, "ఒక రోజు తక్కువండీ," అంది.

"ఏ రోజు?"

తేదీ చదివి, ఆ రోజు గైర్హాజరు అని రాసుందంది. టైలరమ్మ ఎగిరిపడింది. "అది మా పెళ్లిరోజు! సెలవు చీటీ ఇవ్వలేదా మీరు?"

"హడావిడిలో మర్చిపోయానే," అని గొణిగాడు గంటన్న. "కానీ గంట మోగగానే పోయాను కదమ్మా! సంతకం పెట్టి పదిహేడో నంబరు హెల్మెట్ తీసుకున్నా. సంతకం లేనిదే స్టోరువాడు తండ్రికి కూడా ఇవ్వడు."

"ఆ సంతకం దొరికితే డ్యూటీ చేసినట్టే. కానీ ఆ ఏటి స్టోరు పుస్తకాలు వాననీళ్లలో నానిపోయాయి."

"పోనీ, రేపొక్క రోజు పని చేసేస్తా!"

"అన్‌ఫిట్ అని రాశాక చేయనివ్వరు బాబాయ్. హెల్మెట్ ఆ రోజు మీ నెత్తిన ఉన్నట్టు ఏదైనా రుజువు తెండి, చూద్దాం."

గంటన్న తల దించుకున్నాడు. టైలరమ్మ మాత్రం తేలు కుట్టిన దొంగలా చూపు పక్కకు తిప్పుకుంది. రుజువు ఆమె ట్రంకుపెట్టె అడుగున, పాత దుప్పటి మడతలో ఉంది మరి!

ఇంటికొచ్చి పెట్టె మూత తీసింది, వేసింది. మళ్లీ తీసింది, మళ్లీ వేసింది. బయట పెడితే అస్త్రం పోతుంది. పెట్టకపోతే పింఛను పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది పాపం. వరండాలో గంటన్న కుంటికాలు చాపుకుని, తనకు చేతకాకపోయినా, ఆమె కుట్టిన చొక్కాలకు గుండీలు పెడుతున్నాడు. సగం గుండీలు తలకిందులుగా ఉన్నాయి. అది చూసింది టైలరమ్మ. పెట్టె మూత మూడోసారి తెరిచింది.

మర్నాడు టైలరమ్మ గుమాస్తామ్మ బల్ల మీద ఫోటో పెట్టి గోడకేసి తిరిగి నిలబడింది.

గుమాస్తామ్మ చూసింది. గట్టిగా నోరు మూసుకుంది. లాభం లేకపోయింది, పకపకా నవ్వేసింది. గంటన్న ఫోటో లాక్కున్నాడు. అందులో మసి ముఖంతో, కళ్లు గట్టిగా మూసుకుని తానున్నాడు. నెత్తిన, తీయడం మర్చిపోయిన పదిహేడో నంబరు హెల్మెట్. పక్కన పెళ్లికూతురు ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో అతని ముక్కు తుడుస్తూ, పళ్లన్నీ బయటపెట్టి విరగబడి నవ్వుతోంది!

"నువ్వు... నవ్వావా?"

"పొగకి నోరు తెరుచుకుంది."

"పొగ నా ముఖం మీదుంటే నోరు నీకెందుకు తెరుచుకుందే? ఇరవై నాలుగేళ్లు! కర్టెన్లన్నీ నీ రంగే!"

ఆఫీసంతా గొల్లుమంది. గుమాస్తామ్మ ఫోటో వెనక స్టూడియో ముద్ర, తేదీ సరిచూసి, కన్నీళ్లు తుడుచుకుంటూ 'గైర్హాజరు' అన్న మాట కొట్టేసింది. పైఅధికారి కూడా ఫోటో చూసి సంతకం పెట్టేశాడు, నవ్వు ఆగాక.

బస్టాపు బెంచీ మీద గంటన్న ఫోటోను ఒళ్లోంచి దించడం లేదు.

"తిరిగొస్తారో రారో అని రెండు గంటలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నా," అంది టైలరమ్మ. "వచ్చి ఎదురుగా నిలబడేసరికి సంతోషం పట్టలేకపోయా. చాలా? ఇక దాని గురించి అడగొద్దు."

అప్పుడే వీధి మలుపులో ఫైరింజను గంట మోగింది. వంగని కాలితోనే గంటన్న సగం లేచాడు. టైలరమ్మ కాలరు పట్టుకుని కూలేసింది.

"కూర్చోండి! ఇప్పుడు గనక వదిలేసి పోయారో, ఈసారి నిజంగానే మూడు రోజులు మాట్లాడను."